గీతలు నిండుగా ఉన్నా కాల్ కలవట్లేదా? ఫోన్ మోడెమ్‌ను ఇంట్లోనే పరీక్షించుకునే పద్ధతి

"అన్నా, నాలుగు గీతలు చూపిస్తోంది, కాల్ మాత్రం పోవట్లా." "మిద్దె ఎక్కితే తప్ప మాట వినపడదు." "షాపులో నెట్‌వర్క్ ఐసీ పోయింది, మూడు వేలవుతుంది అంటున్నారు, ఇవ్వాలా?"

అనంతపురం నుంచి, కర్నూలు నుంచి, కడప పక్క పల్లెల నుంచి ఈ మూడు ప్రశ్నలే తిరిగి తిరిగి వస్తున్నాయి. ఒక్కొక్కరికి విడిగా చెప్పీ చెప్పీ విసిగి, వరుసగా ఇక్కడ రాసిపెడుతున్నాను. ఒక గంట తీరిక, పక్కన ఇంకో ఫోన్ ఉంటే చాలు. తప్పు మీరున్న చోటుదా, సిమ్‌దా, సెట్టింగ్‌దా, లోపలి భాగాలదా అన్నది మీకే తెలిసిపోతుంది. అది తేలకముందు మాత్రం ఫోన్ విప్పనివ్వకండి.

## 1. ముందుగా: లోపల ఏం జరుగుతోంది

ఫోనుకూ టవర్‌కూ మధ్య నడిచేది రెండు వైపుల మాట. ఫోన్‌లో ఆ మాట నడిపే భాగమే మోడెమ్. టవర్ చెప్పేది ఫోన్ వినాలి, ఫోన్ చెప్పేది టవర్ వినాలి. స్క్రీన్ మీది గీతలు మొదటిదాన్ని మాత్రమే చూపిస్తాయి. మీ ఫోన్ గొంతు టవర్ దాకా చేరుతోందా లేదా అన్నది గీతల్లో ఎక్కడా కనపడదు. ఇది ఒకసారి మనసుకు పడితే మిగతా పరీక్షలన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

మీ మాట బయటికి వెళ్లే దారి ఇది. మైకు పట్టిన శబ్దం అంకెలుగా మారుతుంది. దాన్ని 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి కుదిస్తారు. ఆ ముక్కలకు బేస్‌బ్యాండ్ అనే చిప్ కొన్ని అదనపు అంకెలు కలుపుతుంది. దారిలో కొంత చెడిపోయినా అవతల సరిచేసుకోవడానికే అవి. తర్వాత ట్రాన్సీవర్ ఈ అంకెలను రేడియో తరంగం మీదికి ఎక్కిస్తుంది. పవర్ యాంప్లిఫయర్ దానికి బలం ఇస్తుంది. షాపుల్లో పీఏ ఐసీ అనేది దీన్నే (ఐసీ అంటే చిప్). చివరగా ఫిల్టర్, యాంటెన్నా స్విచ్ దాటి యాంటెన్నా నుంచి గాలిలోకి.

లోపలికి వచ్చే దారి దీనికి తిరగేసి: యాంటెన్నా, స్విచ్, ఫిల్టర్, సన్నటి సిగ్నల్‌ను పెంచే చిన్న యాంప్లిఫయర్, ట్రాన్సీవర్, బేస్‌బ్యాండ్. అంటే పీఏ చెడితే ఫోన్ వింటుంది కానీ మాట్లాడలేదు. యాంటెన్నా ఊడితే రెండూ దెబ్బతింటాయి.

ఫిల్టర్ ఎందుకో కాస్త చెప్పాలి. 4జీలో మామూలు ఫోన్ గట్టిగా అరిస్తే 200 మిల్లీవాట్లు. అదే ఫోన్‌కు టవర్ నుంచి చేరే సిగ్నల్ ఒక్కోసారి వాటులో పది లక్షల కోట్ల వంతు కూడా ఉండదు. తాను వినాల్సిన దానికంటే లక్షల కోట్ల రెట్లు గట్టిగా తానే అరుస్తూ, అదే సమయంలో వినాలి. అందుకే చాలా బ్యాండ్లలో (బ్యాండ్ అంటే ఫోన్లకు కేటాయించిన ఫ్రీక్వెన్సీల వరుస) పంపే ఫ్రీక్వెన్సీ వేరు, వినే ఫ్రీక్వెన్సీ వేరు. ఉదాహరణకు 1800 బ్యాండ్‌లో ఫోన్ 1710–1785 మెగాహెర్ట్జ్‌లో పంపి, 1805–1880లో వింటుంది. ఆ రెండింటినీ విడదీసేది ఫిల్టరే. 2300 బ్యాండ్‌లో ఇలా ఉండదు. అక్కడ ఒకే ఫ్రీక్వెన్సీలో పంపడం, వినడం వంతులవారీగా జరుగుతాయి.

టవర్ పదుల వాట్లతో పంపుతుంది, ఫోన్ వాటులో ఐదో వంతుతో. కాబట్టి దూరం పెరిగేకొద్దీ ముందు తెగేది ఫోన్ గొంతే. "నాకు అవతలివాళ్లు వినిపిస్తున్నారు, వాళ్లకు నేను వినపడట్లేదు" అన్న ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉండే కారణం ఇదే.

## 2. దగ్గర పెట్టుకోవాల్సినవి

- సగానికి పైగా చార్జింగ్ ఉన్న మీ ఫోన్, బ్యాక్ కేస్ తీసేసి
- బాగా పనిచేస్తున్న ఇంకో 4జీ ఫోన్
- వీలైతే మీ సిమ్ కంపెనీదే ఇంకో సిమ్ (ఇంట్లో వాళ్లది చాలు)
- సిమ్ ట్రే పిన్ను, మెత్తటి పొడి గుడ్డ
- ఒక కాగితం, పెన్ను

కాగితం తప్పనిసరి. "ఇందాక కొంచెం బాగుంది" అన్న గుర్తుతో పని జరగదు. పరీక్ష చేసేంతసేపూ వైఫై ఆపేయండి. ఫోన్ వేడిగా ఉంటే నీడలో చల్లారాక మొదలుపెట్టండి. మన ఎండలకు బైకు హ్యాండిల్ మీదో కారు అద్దం దగ్గరో పెట్టిన ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి 5జీ ఆపేసి 4జీకి దిగుతుంది. అది రిపేరు కాదు. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, లోపల తేమ పడుతుంది.

## 3. మొదటి మెట్టు: గీతలు వదిలేసి అంకె చూడండి

ఎన్ని గీతలకు ఎంత సిగ్నల్ అన్నది ఒక్కో ఫోన్ కంపెనీ తనకు తోచినట్టు పెట్టుకుంటుంది. ఒకే చోట పక్కపక్కన పెట్టిన రెండు ఫోన్లలో ఒకటి రెండు గీతలు, ఇంకోటి నాలుగు చూపడం మామూలే. అంకె చూడాలి.

ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, ఎబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్‌లోకి వెళ్తే సిగ్నల్ స్ట్రెంగ్త్ అని డీబీఎంలో (సిగ్నల్ బలాన్ని కొలిచే లెక్క) ఉంటుంది. చాలా ఫోన్లలో డయలర్‌లో \*#\*#4636#\*#\* కొట్టినా వస్తుంది. ఐఫోన్ అయితే \*3001#12345#\* కొట్టి కాల్ నొక్కాలి.

4జీలో కనిపించే అంకెను ఇలా చదువుకోండి:

- మైనస్ 80 లేదా అంతకంటే మెరుగు: చాలా బాగుంది
- మైనస్ 80 నుంచి 95: బాగుంది
- మైనస్ 95 నుంచి 105: పని నడుస్తుంది
- మైనస్ 105 నుంచి 115: బలహీనం, బ్యాటరీ తింటుంది
- మైనస్ 115 దాటితే: కాల్ ఎప్పుడు తెగుతుందో చెప్పలేం

మైనస్ పక్కన అంకె పెరిగితే సిగ్నల్ తగ్గినట్టు. ప్రతి 10కీ పది రెట్లు తేడా. మైనస్ 80కీ మైనస్ 110కీ మధ్య ఉన్నది వెయ్యి రెట్లు.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. 2జీలో మైనస్ 80 చూసి, 4జీలో మైనస్ 98 చూసి "4జీ వద్దు, 2జీనే గట్టిగా ఉంది" అనుకుంటారు. ఆ రెండు కొలతలు వేరు. 2జీలో 200 కిలోహెర్ట్జ్ వెడల్పున్న చానల్ మొత్తం బలం కొలుస్తారు, 4జీలో 15 కిలోహెర్ట్జ్ వెడల్పున్న ఒక సన్నటి పాయ బలం మాత్రమే. పోల్చేటప్పుడు రెండు ఫోన్లూ 4జీలోనే ఉండాలి.

ఎస్ఐఎన్ఆర్ అని ఇంకో అంకె కనిపిస్తే అదీ రాసుకోండి. రొదలో మాట ఎంత స్పష్టంగా ఉందో చెప్పేది అది. 13 పైన ఉంటే హాయిగా నడుస్తుంది. సున్నా కిందికి దిగితే గీతలు నిండుగా ఉన్నా నెట్ ఈడ్చుకుంటూ నడుస్తుంది.

## 4. రెండో మెట్టు: ఇంట్లో ఐదు చోట్ల కొలవండి

మిద్దె మీద, వాకిట్లో, కిటికీ దగ్గర, నడిమింట్లో, మీరు ఎక్కువగా ఫోన్ మాట్లాడే చోట. ఒక్కోచోట ఒక నిమిషం ఆగి అంకె రాయండి. అదే చోట ఫోన్‌ను జానెడు అటూ ఇటూ జరిపి ఇంకోసారి చూడండి. గోడలకు, ఇనుముకు తగిలి తిరిగొచ్చిన తరంగాలు ఒకచోట కలిసి బలపడతాయి, పక్కనే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. 1800 బ్యాండ్‌లో తరంగం పొడవు 17 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. అందుకే జానెడు జరిపితేనే అంకె మారిపోతుంది. మూడు సార్లు చూసి నడిమి అంకె తీసుకోండి.

మా ఇంట్లో మిద్దె మీద మైనస్ 88, కింద నడిమింట్లో మైనస్ 109. మధ్యలో ఉన్నది కమ్మీలు దట్టంగా వేసిన స్లాబ్ ఒక్కటే. 21 తేడా అంటే వంద రెట్లకు పైమాటే. ఇలాంటి ఇంట్లో ఫోన్ మార్చినా ఒరిగేది తక్కువ.

రేకుల ఇల్లు ఇంకా కష్టం. ఇనుప రేకు తరంగాన్ని లోపలికి రానివ్వకుండా వెనక్కి తన్నేస్తుంది. సిగ్నల్ కిటికీల్లోంచి, తలుపుల్లోంచి దూరాల్సిందే. పాతకాలపు రాతి గోడల ఇళ్లు, పైన కడప బండలు పరిచిన మిద్దెలు ఉన్నవాళ్లకు గోడల మందమే అడ్డు. 700, 850, 900 బ్యాండ్లు గోడలు దూరి కాస్త లోపలికి వస్తాయి. 2300, 5జీ వాడే 3300–3600 ప్రాంతం అంతగా రావు. మిద్దె మీద 5జీ, నడిమింట్లో 4జీ కనిపిస్తే మీ ఫోన్‌కు ఏ జబ్బూ లేదు.

కొండ చాటు సంగతి వేరే చెప్పాలా? పాలకొండల వెనక, నల్లమల ఘాట్ రోడ్డు మలుపుల్లో ఏ మోడెమ్ అయినా ఒకటే.

సరిహద్దు ఊళ్లవాళ్లు ఇంకోటి చూసుకోండి. రాయదుర్గం, మంత్రాలయం వైపు ఫోన్ ఒక్కోసారి కర్ణాటక టవర్ పట్టుకోవచ్చు. డేటా రోమింగ్ ఆఫ్‌లో ఉంటే అప్పుడు గీతలు ఉంటాయి, నెట్ ఉండకపోవచ్చు. ఆ బటన్ ఆన్ చేసి చూడండి.

## 5. మూడో మెట్టు: సిమ్ మార్పిడి

అన్నిటికంటే పనికొచ్చే పరీక్ష ఇది, అందరూ వదిలేసేదీ ఇదే. మీ సిమ్ తీసి రెండో ఫోన్‌లో వేయండి. అదే చోట కూర్చుని, రెండూ 4జీలో ఉన్నాయని చూసుకుని, అంకె రాయండి. రెండు నిమిషాలు కాల్ మాట్లాడండి. తర్వాత ఇంకో సిమ్‌ను మీ ఫోన్‌లో వేసి అదే చేయండి.

- మీ సిమ్ రెండో ఫోన్‌లో బాగా పనిచేస్తే: తప్పు మీ ఫోన్‌లో ఉంది, ఆరో భాగానికి వెళ్లండి.
- రెండు ఫోన్లలోనూ మీ సిమ్ మొరాయించి, అదే కంపెనీ వేరే సిమ్ పనిచేస్తే: సిమ్ మార్పించుకోండి.
- రెండు ఫోన్లు, రెండు సిమ్‌లు అన్నీ ఒకేలా ఏడిస్తే: చోటుదో టవర్‌దో తప్పు, తొమ్మిదో భాగం చూడండి.
- అంకెల్లో 5, 6 తేడా ఉంటే: పట్టించుకోకండి. ఫోన్‌కూ ఫోన్‌కూ ఆమాత్రం ఉంటుంది. 10 దాటి, ప్రతిసారీ ఒకే ఫోన్ వెనకబడితేనే అనుమానించాలి.

స్క్రీన్ మీద వచ్చే మాట కూడా ఆనవాలే. "నో సిమ్" అంటే సిమ్ కాంటాక్ట్ సమస్య. "నో సర్వీస్" అంటే ఫోన్‌కు ఏ టవరూ వినపడట్లేదు. "ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ" అంటే టవర్ వినపడుతోంది కానీ మీ ఫోన్‌ను అది చేర్చుకోలేదు. సిమ్ ఆగిపోయి ఉండొచ్చు, లేదా ఫోన్ గొంతు టవర్‌కు చేరక ఉండొచ్చు.

## 6. నాలుగో మెట్టు: ఖర్చులేని మందులు, ఈ వరుసలోనే

1. ఏరోప్లేన్ మోడ్ ఆన్ చేసి అర నిమిషం ఆగి తీయండి. మోడెమ్ మళ్లీ మొదటి నుంచి టవర్లు వెతుక్కుని కొత్తగా నమోదవుతుంది. ఆన్ చేసిన వెంటనే ఆఫ్ చేస్తే ఉపయోగం లేదు.

2. సిమ్ బయటికి తీసి పసుపు రంగు కాంటాక్ట్‌లను పొడి గుడ్డతో తుడవండి. గీకొద్దు, తడి వద్దు.

3. నెట్‌వర్క్ ఆపరేటర్ ఆటోమేటిక్‌లో ఉందా చూడండి. ఎప్పుడో ఊరెళ్లినప్పుడు మాన్యువల్ చేసి మరిచిపోయిన కేసులు బోలెడు.

4. నెట్‌వర్క్ టైప్ "5జీ ఓన్లీ", "ఎల్‌టీఈ ఓన్లీ" (4జీ ఒక్కటే) అని బిగించి ఉంటే తీసేయండి. వీడియోల్లో చూసి 4636 మెనూలో స్పీడు కోసం మార్చుకున్నవాళ్లే ఈ తిప్పలు ఎక్కువ పడుతుంటారు.

5. వోల్టీ (4జీ మీదుగా కాల్ వెళ్లే సదుపాయం) ఆన్‌లో ఉండాలి. జియోకు 2జీ, 3జీ లేవు. వోల్టీ ఆఫ్ అయితే నెట్ వస్తుంది, కాల్ పోదు. "గీతలు ఉన్నాయి, కాల్ లేదు" అన్నవాళ్లలో కొందరి రోగం ఇక్కడే కుదిరిపోతుంది.

6. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ పెండింగ్‌లో ఉంటే వేయండి. మోడెమ్ నడిపే ప్రోగ్రాం కూడా దాంతోనే వస్తుంది.

7. చివరగా నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్. వైఫై పాస్‌వర్డులు, బ్లూటూత్ జతలు పోతాయి, ముందే రాసుకోండి. ఫోటోలు, నంబర్లు పోవు.

ఫ్యాక్టరీ రీసెట్ జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లొద్దు. ఫోన్ మొత్తం ఖాళీ చేసుకుని, తీరా చూస్తే యాంటెన్నా వైరు ఊడి ఉంటే ఆ కడుపుమంట చెప్పనలవి కాదు.

## 7. ఐదో మెట్టు: ఫోన్ గొంతు పరీక్ష

గీతలు నిండుగా ఉండి కాల్ కలవనివాళ్లు ఇక్కడ నిదానంగా చదవండి.

ఊరికే ఉన్నప్పుడు ఫోన్ ఎక్కువసేపు వింటూనే గడుపుతుంది. మీరు కాల్ నొక్కగానే ముందు ఒక చిన్న పిలుపు పంపుతుంది. టవర్ తనకు ఎంత బాగా వినిపిస్తోందో చూసి, ఎంత గట్టిగా పిలవాలో ఫోనే అంచనా వేసుకుంటుంది. జవాబు రాకపోతే బలం పెంచి మళ్లీ పిలుస్తుంది. పీఏ నీరసించినా, పంపే వైపు యాంటెన్నా సరిగా తగలకపోయినా ఎంత పిలిచినా జవాబు రాదు. పైన గీతలు మాత్రం అలాగే వెలుగుతుంటాయి.

పరీక్ష ఇలా. ఊళ్లో టవర్ దగ్గరగా, అంకె మైనస్ 75 ఉన్నచోట నిలబడి మూడు కాల్స్ చేయండి. తర్వాత మైనస్ 100 ఉన్నచోటికి వెళ్లి ఇంకో మూడు. అవే చోట్ల అదే సిమ్‌తో రెండో ఫోన్ నుంచి కూడా చేయండి. దగ్గర రెండూ పనిచేసి, దూరంలో రెండో ఫోన్ మాత్రమే పనిచేస్తే, రెండింటి అంకెలూ దాదాపు సమానమైతే, మీ ఫోన్ పంపే దారిలోనే లోపం.

దానికి ముందు రెండు విషయాలు చూసుకోండి. ఒకటి, పట్టుకునే తీరు. చాలా ఫోన్లలో పంపే యాంటెన్నా కింది అంచున ఉంటుంది. అరచేయి దాన్ని కప్పేస్తే సిగ్నల్ పడిపోతుంది. కారు మ్యాగ్నెట్ స్టాండ్ కోసం వెనక అంటించిన ఇనుప బిళ్ల, మెటల్ కేస్ కూడా ఇదే పని చేస్తాయి. రెండు, 5జీ. టవర్ 5జీ గట్టిగా వినిపిస్తుంది, ఫోన్ మాత్రం ఆ ఎత్తు ఫ్రీక్వెన్సీలో అంతదూరం చేరలేకపోతుంది. నెట్‌వర్క్ టైప్ 4జీకి మార్చి ("ఓన్లీ" అని ఉన్నది కాదు) ఒకరోజు వాడి చూడండి. ఊరి చివర ఇళ్లవాళ్లకు నేనైతే 4జీలోనే ఉంచుకోమంటాను.

రాత్రి 8 నుంచి 10 మధ్య, తిరునాళ్ల రోజుల్లో మాత్రమే ఇబ్బంది వస్తుంటే అది రద్దీ. తెల్లవారుజామున 5 గంటలకు అదే చోట చేసి చూడండి. అప్పుడు బాగుంటే ఫోన్‌ను ఏమీ అనకండి.

## 8. షాపుకు వెళ్లాల్సి వస్తే

ముందుగా ఇంట్లోనే రెండు చూసుకోండి. \*#06# కొడితే ఐఎంఈఐ (ఒక్కో ఫోన్‌కు విడిగా ఉండే గుర్తింపు నంబరు) రావాలి. ఎబౌట్ ఫోన్‌లో బేస్‌బ్యాండ్ వెర్షన్ దగ్గర అక్షరాలు, అంకెలు ఉండాలి. అక్కడ "అన్‌నోన్" అని గానీ, ఐఎంఈఐ ఖాళీగా గానీ ఉంటే మోడెమ్ అసలు లేవట్లేదని అర్థం. అది బోర్డు పని, ఖర్చుతో కూడింది. రెండూ సరిగ్గా ఉండి సిగ్నల్ మాత్రమే తక్కువైతే చిన్న లోపానికే అవకాశం ఎక్కువ.

నాకు జరిగింది చెప్తా. రెండేళ్ల కిందట ఒక షాపులో డిస్‌ప్లే మార్పించాను. ఇంటికొచ్చేసరికి మైనస్ 90 ఉండేచోట మైనస్ 112. తిరిగి వెళ్తే "నెట్‌వర్క్ ఐసీ వేడి చేసి చూడాలి" అన్నారు. వద్దని ఇంకోచోట విప్పించాను. పై బోర్డు నుంచి కింది చార్జింగ్ బోర్డుకు వెళ్లే సన్నటి నల్ల యాంటెన్నా వైరు మూతి, సాకెట్‌లో నొక్కకుండా వదిలేశారు. గోటితో నొక్కితే టక్‌మని పడింది. యాభై రూపాయలు తీసుకున్నాడు, అదీ నేను బలవంతం చేస్తే.

అందుకే ఈ వరుసలో చూడమని అడగండి:

- యాంటెన్నా వైరు రెండు మూతులూ పడ్డాయా, వైరు నలిగిందా
- ఫ్రేమ్‌కు తగిలే స్ప్రింగు కాంటాక్ట్‌లు వంగాయా, తుప్పు పట్టాయా
- చార్జింగ్ బోర్డు మార్చి ఉంటే అది అదే మోడల్‌దేనా (చౌక బోర్డుల్లో యాంటెన్నా భాగం సరిగా ఉండదు)
- నీళ్లు దూరిన గుర్తులు
- ఇవన్నీ అయ్యాకే పీఏ ఐసీ, ఫిల్టర్, ట్రాన్సీవర్
- అన్నిటికంటే చివర వేడిగాలి పెట్టడం, రీబాలింగ్ (చిప్ ఊడదీసి కింది టంకం చుక్కలు కొత్తగా వేయడం)

"ఐఎంఈఐ కొత్తది రాసిస్తాం" అంటే ఫోన్ తీసుకుని వచ్చేయండి. ఐఎంఈఐ మార్చడం 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కింద నేరం. 3 ఏళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా పడొచ్చు.

డబ్బులిచ్చే ముందు అక్కడే, రెండో ఫోన్ పక్కన పెట్టి, రెండింటి అంకెలు పోల్చండి. ఒక కాల్ కూడా చేసి బయటికి రండి.

## 9. తప్పు చోటుదని తేలితే

ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే వైఫై కాలింగ్ (టవర్ బదులు ఇంటి వైఫై మీదుగా కాల్ వెళ్లే సదుపాయం) ఆన్ చేయండి. సిమ్ సెట్టింగ్స్‌లోనే ఉంటుంది, వేరే యాప్ అక్కర్లేదు. కమ్మీల స్లాబ్ కింద ఉండేవాళ్లకు ఇంతకు మించిన మందు నాకు తెలియదు.

బ్రాడ్‌బ్యాండ్ లేకపోతే, రెండో మెట్టులో కొలిచిన వాటిలో మంచి అంకె వచ్చిన కిటికీ గూట్లో ఫోన్ పెట్టి, బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌తో మాట్లాడండి. బ్యాటరీ కూడా నిలుస్తుంది. బలహీనమైన చోట పీఏ పూర్తి బలంతో పనిచేసి చార్జింగ్ తాగేస్తుంది కదా.

కంపెనీ మారాలనుకుంటే ముందు పక్కింటివాళ్ల సిమ్‌తో మీ నడిమింట్లో అంకె కొలవండి. వీధిలో వచ్చే సిగ్నల్ చూసి మారొద్దు. తేడా 10 దాటితే, ఇంగ్లీషులో పోర్ట్ అని రాసి, ఖాళీ వదిలి, మీ నంబరు కొట్టి 1900కు మెసేజ్ పంపండి. వచ్చిన కోడ్‌తో కొత్త కంపెనీ దగ్గరికి వెళ్లాలి.

ఆన్‌లైన్‌లో అమ్మే సిగ్నల్ బూస్టర్లు కొనకండి. అనుమతి లేకుండా వాటిని పెట్టడం చట్టవిరుద్ధం. పైగా అవి రొదను కూడా పెంచి పంపి చుట్టుపక్కల వాళ్ల కాల్స్ చెడగొడతాయి. వీధిలో ఒకరు పెట్టుకుంటే మిగతావాళ్లకు ఎస్ఐఎన్ఆర్ పడిపోతుంది.

టవర్‌దే తప్పనిపిస్తే 198కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి. "సిగ్నల్ రావట్లేదు" అని ఊరుకోకుండా మీ కాగితం చూసి చెప్పండి: ఏ చోట, ఏ రోజు, ఏ సమయంలో, రెండు ఫోన్లలో ఏ అంకె, కాల్ ఎన్నిసార్లు తెగింది. ఫిర్యాదు నంబరు అడిగి అదే కాగితం మీద రాసుకోండి. గడువులోగా పని కాకపోతే అదే కంపెనీ అప్పీలు విభాగానికి వెళ్లేటప్పుడు ఆ నంబరే అడుగుతారు.